కత్తెర కంటే ముందే కత్తిరించిన బొమ్మలు

అందరికీ నమస్కారం.

నేను కొలాజ్ పని, అంటే అచ్చైన బొమ్మలు కత్తిరించి కొత్త బొమ్మగా అతికించే పని, మొదలుపెట్టిన కొత్తలో, ఒక పాత పత్రికలో బట్టలుతికే యంత్రం ప్రకటన కత్తిరిస్తున్నాను. యంత్రం పక్కన ఒకావిడ నిలబడి నవ్వుతోంది. కుడిచెయ్యి మూత మీద ఉంది. నాక్కావలసింది ఆవిడ ఒక్కతే, యంత్రం అక్కర్లేదు. చిన్న కత్తెరతో జుట్టు అంచు దగ్గర మొదలుపెట్టి, మెడ దాటి, భుజం దాటి, నడుము దగ్గరికొచ్చేసరికి ఏదో తేడాగా కనిపించింది. భూతద్దం పెట్టి చూశాను. అచ్చులో ఫొటో అంటే చుక్కల గుంపే కదా. పెద్ద చుక్కలు చేరితే చీకటి, చిన్న చుక్కలు చేరితే వెలుగు. భుజం దగ్గర ఆ చుక్కలు ఒద్దికగా నేపథ్యంలోకి కలిసిపోతున్నాయి. నడుము దగ్గర మాత్రం అంచు పొడుగునా ఒక సన్నటి చార ఉంది, చుట్టూ ఉన్న గోడ కంటే కాస్త తెల్లగా. అక్కడ ఉండాల్సిన నడుము మీద రంగు పూసేశారు. నా చిటికెన వేలి గోరంత మేర ఆవిడ ఒళ్ళు లేకుండా పోయింది. ఎడమ మోచెయ్యి అయితే అసలే లేదు. ప్రకటనలో వాక్యం పట్టడానికి చోటు చాలక కోసేశారు.

అంటే నేను కత్తెర పట్టకముందే ఆవిడని ఇంకెవరో కత్తిరించారు. ఆ రోజు నుంచీ నా పనంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతోంది. ఇవాళ మీతో చెప్పాలనుకున్నదీ అదే.

పాత బొమ్మల్ని కత్తిరిస్తున్నామంటే చాలామంది బాధపడతారు. "అలా పాడుచేస్తారెందుకండీ" అని నన్ను ఎన్నిసార్లు అడిగారో. ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఆర్కైవ్ అనగానే, ఉన్నది ఉన్నట్టు భద్రంగా దాచిన గతం అనిపిస్తుంది. కానీ ఆ పెట్టెలోకి ఏ ఫొటో వెళ్ళాలో, ఏది బయటే ఉండిపోవాలో ఎవరో నిర్ణయించారు. కెమెరా చట్రంలో ఎవర్ని ఎంతవరకు పట్టించాలో ఇంకొకరు నిర్ణయించారు. గ్రూపు ఫొటో వెనక్కి తిప్పి చూడండి. మగవాళ్ళ పేర్లు హోదాలతో సహా ఉంటాయి. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఫలానావారి భార్య, ఫలానావారి కుమార్తె. అదీ లేకపోతే "గుర్తు తెలియని స్త్రీ". ఆ రాత కూడా ఒక కోతే.

ఒక్క ఉదాహరణ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది చూశాక నేను చాలా రోజులు మామూలు మనిషిని కాలేకపోయాను. పంతొమ్మిదో శతాబ్దంలో ఫొటో తీయాలంటే కొన్ని క్షణాల పాటు కదలకుండా ఉండాలి. పెద్దవాళ్ళు ఉంటారు, చంటిపిల్లలు ఉండరు. అందుకని తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి తీసేవాళ్ళు. కానీ కావలసింది పిల్లాడి ఫొటో, తల్లి ఫొటో కాదు. అందుకని ఆవిడ మీద ముసుగులా ఒక గుడ్డ కప్పేవాళ్ళు. తెరగుడ్డ, దుప్పటి, ఏది దొరికితే అది. దూరం నుంచి చూస్తే గుడ్డ కప్పిన కుర్చీలో పిల్లాడు కూర్చున్నట్టుంటుంది. దగ్గరికెళితే కుర్చీకి భుజాలుంటాయి. కొన్నిటిలో గుడ్డ అంచు కింద నాలుగు వేళ్ళు కనిపిస్తాయి, పిల్లాడి నడుము గట్టిగా పట్టుకుని. కొన్నిటిలో మొహం మీది గుడ్డ చాలలేదు కాబోలు, ఫొటో వచ్చాక దాని మీద మొహం వరకూ గీకేశారు. ఇలాంటి ఫొటోలకి "దాగిన తల్లి" అని పేరొచ్చింది. లిండా ఫ్రెన్యీ నాగ్లర్ అనే ఇటాలియన్ కళాకారిణి వీటిని ఏళ్ళ తరబడి సేకరించి 2013లో వెనిస్ బియెనాలే అనే పెద్ద కళాప్రదర్శనలో 997 ఫొటోలు ఒక్కచోట పెట్టింది. ఆవిడ దేన్నీ కత్తిరించలేదు. పక్కపక్కన పెట్టింది, అంతే. ఒక్క ఫొటోలో అయితే ఫొటోగ్రాఫర్ ఉపాయం అనుకుంటాం. తొమ్మిది వందల తొంభై ఏడు గుడ్డల కింద తొమ్మిది వందల తొంభై ఏడుమంది కూర్చుని ఉంటే ఏమనుకుంటాం?

ఇక కత్తెర పట్టినవాళ్ళ దగ్గరికొస్తాను.

కొలాజ్ అనే ఫ్రెంచి మాటకి అర్థం జిగురుతో అంటించడం. కళాచరిత్ర దీన్ని 1912లో పికాసో, బ్రాక్ అనే చిత్రకారులతో మొదలుపెడుతుంది. నాకా లెక్క నచ్చదు. మేరీ డిలేనీ అనే ఇంగ్లీషావిడ 1772లో, తన డెబ్భై రెండో ఏట, రంగు కాగితాలు కత్తిరించి నల్లటి కాగితం మీద పూలు అతికించడం మొదలుపెట్టింది. చూపు మందగించి ఆపేసేలోపు దాదాపు వెయ్యి చేసింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ తర్వాత 1860లలో జేబులో పట్టే చిన్న సైజు ఫొటోలు చవకగా, కాపీలు కాపీలుగా వచ్చాయి. ఒక ఫొటోకి నాలుగు నకళ్ళున్నప్పుడే ఎవరికైనా కత్తిరించే ధైర్యం వస్తుంది. విక్టోరియా కాలపు పెద్దింటి ఆడవాళ్ళు బంధువుల తలలు కత్తిరించి, తాము వేసిన నీటిరంగుల బొమ్మల్లో అతికించేవాళ్ళు. కేట్ గాఫ్ అనే ఆవిడ ఆల్బంలో బాతులు నీళ్ళలో ఈదుతుంటాయి, వాటికి ఆడవాళ్ళ మొహాలుంటాయి. దీన్నంతా కాలక్షేపం అన్నారు. మ్యూజియం గోడల దాకా రానివ్వలేదు. 1970ల చివర్లో మిరియం షపీరో, మెలిస్సా మేయర్ అనే ఇద్దరు అమెరికన్ కళాకారిణులు ఈ పనులకి "ఫెమ్మాజ్" అని పేరు పెట్టారు. ఆడవాళ్ళు తరతరాలుగా పీలికలు దాచి, కుట్టి, అతికించి చేసిందంతా కొలాజే అని వాళ్ళ వాదన. పేరు నాకు అంతగా రుచించదు గానీ వాదనతో ఏకీభవిస్తాను.

హన్నా హోహ్. నాకు ఈ పనిలో గురువు ఎవరైనా ఉన్నారంటే ఈవిడే. 1889లో జర్మనీలో పుట్టింది. 1916 నుంచి పదేళ్ళ పాటు బెర్లిన్‌లో ఉల్‌స్టైన్ అనే పెద్ద ప్రచురణ సంస్థలో పనిచేసింది. ఆవిడ పని ఏమిటంటే, ఆడవాళ్ళ పత్రికల కోసం అల్లికలకి, లేసులకి నమూనాలు గీయడం. వారంలో కొన్ని రోజులు ఉద్యోగంలో ఆడతనం ఎలా ఉండాలో నేర్పే పేజీలకి నమూనాలు గీసేది. ఇంటికొచ్చాక అలాంటి పేజీలనే కోసేది. ఆ రోజుల్లో పత్రికలు ఆధునిక యువతిని "కొత్త స్త్రీ" అనేవి. ఏ ముద్రణాలయంలో ఆ "కొత్త స్త్రీ" బొమ్మ తయారవుతోందో, ఆ ఇంటి మనిషే ఆవిడ. అందుకే ఆ కోతలకి అంత గురి.

1920లో బెర్లిన్‌లో దాదా కళాకారుల, అంటే మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పాత కళా మర్యాదల మీద తిరగబడినవాళ్ళ, మొదటి అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. హోహ్‌ని చేర్చుకోవడం ఆ బృందంలో కొందరికి ఇష్టం లేదు. బృందంలోనే ఉన్న రౌల్ హౌస్‌మన్ పట్టుబట్టాక చేర్చుకున్నారు. ఆవిడ పెట్టిన బొమ్మ దాదాపు నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు. పేరు చాంతాడంత ఉంటుంది. సారాంశం చెప్తాను: జర్మనీ చివరి బీరు బొజ్జల యుగాన్ని దాదా వంటింటి కత్తితో కోసిన కోత. వంటింటి కత్తి అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఏ పరికరం ఆడవాళ్ళదని లోకం అనుకుంటుందో దాన్నే ఎంచుకుంది. బొమ్మ నిండా చక్రాలు, బేరింగులు, గుంపులు, నాయకుల తలకాయలు. సైన్యాధిపతి హిండెన్‌బర్గ్ తల తీసుకెళ్ళి ఒక నర్తకి ఒంటి మీద పెట్టింది. బొమ్మ నడిమధ్యలో నిడ్డీ ఇంపెకోవెన్ అనే నర్తకి తల లేకుండా గాల్లో గెంతుతుంటే, పైన చిత్రకారిణి కేటే కోల్విట్స్ తల తేలుతుంటుంది.

కానీ నేను ఎప్పుడూ చూసేది కింద కుడివైపు మూల. అక్కడ ఐరోపా పటం ముక్క ఒకటి అంటించి ఉంటుంది. ఆడవాళ్ళకి ఓటు హక్కు ఉన్న దేశాల్ని చూపించే పటం అది. జర్మనీలో ఆడవాళ్ళు మొదటిసారి ఓటేసింది 1919 జనవరిలో, అంటే ఈ బొమ్మ తయారవడానికి కొద్ది నెలల ముందే. ఆ పటం పక్కన, చూపు పెట్టి వెతికితే తప్ప దొరకనంత చిన్నగా, హన్నా హోహ్ మొహం ఉంటుంది. చిత్రకారులు సంతకం పెట్టే మూలలో ఆవిడ తనని తానే అంటించుకుంది.

అదే కాలంలో చేసిన ఇంకో బొమ్మకి "అందమైన అమ్మాయి" అని పేరు. ఈతదుస్తుల్లో ఒక అమ్మాయి కూర్చుని ఉంటుంది. తల ఉండాల్సిన చోట కరెంటు బల్బు. చుట్టూ ఒక కార్ల కంపెనీ గుర్తులు, టైరు, గడియారం. వెనకాల పెద్ద జుట్టు ముడి, దాని కింద మొహం లేదు, ఆ చోటంతా కోసేసి ఉంటుంది. అందం, యంత్రం, వ్యాపారం మూడూ ఒకే కాగితం మీద ఎదురుబొదురు నిలబడతాయి. పత్రికలో అవి వేరువేరు పేజీల్లో ఉండేవి, అంతే తేడా.

ఇక్కడ ఒక చిక్కుంది. దాన్ని దాటేసి వెళ్ళిపోతే మీకు అన్యాయం చేసినట్టే. ఆడవాళ్ళ బొమ్మ కత్తిరించి అతికించినంత మాత్రాన అది స్త్రీవాదం అయిపోదు. 1929లో రెనే మాగ్రిట్ చేసిన ఫొటో కూర్పు ఒకటుంది. మధ్యలో బట్టల్లేని స్త్రీ చిత్రం. చుట్టూ చట్రంలా పదహారు మంది సర్రియలిస్టు మగవాళ్ళ, అంటే కలల్నే కళగా మార్చాలన్న బృందం వాళ్ళ, పాస్‌పోర్టు తరహా ఫొటోలు. అందరూ కళ్ళు మూసుకుని ఉంటారు. అడవిలో దాగిన స్త్రీని నేను చూడటం లేదని రాత. చాలా తెలివైన బొమ్మ, కాదనను. కానీ అందులో ఆ స్త్రీ ఎవరని అడిగే ఖాళీ ఎక్కడా లేదు. ఆవిడ పదహారు మంది కలల అవసరం. దానికి ఏడాది ముందు అదే బృందం తమ పత్రికలో పారిస్ సాల్‌పెట్రియేర్ ఆసుపత్రి ఫొటోలు అచ్చేసి, హిస్టీరియాకి, అంటే అప్పట్లో ఎక్కువగా ఆడవాళ్ళకే అంటగట్టిన రుగ్మతకి, యాభయ్యేళ్ళ పండగ చేసింది. అక్కడ హిస్టీరియా మీద పనిచేసిన డాక్టర్ షార్కో కాలంలో తీసిన ఫొటోలవి. అందులో ఎక్కువగా కనిపించే అమ్మాయి పేరు ఒగుస్తీన్. ఆసుపత్రికి వచ్చేనాటికి యుక్తవయసు పిల్ల. ఆ పిల్ల బాధని వైద్యులు భంగిమలుగా విడదీసి ఒక్కో దానికీ ఒక్కో శీర్షిక రాశారు. యాభయ్యేళ్ళ తర్వాత కవులు ఆ భంగిమల్లో గొప్ప కవిత్వం చూశారు. 1880లో ఆ అమ్మాయి మగవేషం వేసుకుని ఆసుపత్రి నుంచి పారిపోయింది. ఆ ఫొటో మాత్రం ఎవరూ తీయలేదు.

కాబట్టి నేను ఏ కొలాజ్ ముందు నిలబడినా అడిగే ప్రశ్న ఒకటే. ఈ బొమ్మ మొదటి కోతని దాస్తోందా, బయటపెడుతోందా?

తోషికో ఒకనోవేని చూడండి. జపాన్ కళాకారిణి, 1928లో పుట్టింది. బట్టల డిజైనింగ్ చదువుకుంటూ ఈ పనిలోకి వచ్చింది. గుడ్డ కత్తిరించే చెయ్యి కాగితం మీదికి మళ్ళింది. యుద్ధం ముగిశాక, అమెరికా ఆక్రమణలో ఉన్న టోక్యోలోకి వచ్చి పడిన విదేశీ పత్రికలే ఆవిడ ముడిసరుకు. లైఫ్, వోగ్ లాంటివి. 1950 నుంచి ఓ ఆరేళ్ళ పాటు వందకు పైగా కొలాజ్‌లు చేసింది. గెలిచిన దేశపు నిగనిగలాడే గౌన్లు, చేతి తొడుగులు, ఆ గౌన్లలో తలల్లేని ఆడవాళ్ళు, తల చోట విసనకర్రలో, జంతువులో, ఇంకేవో. 1957లో పెళ్ళయ్యాక పని ఆగిపోయింది. దాదాపు నలభయ్యేళ్ళు ఆ కాగితాలు ఎవరి కంటా పడలేదు. ఆడతనం గురించి బొమ్మలు చేసిన మనిషిని ఆ ఆడతనమే వచ్చి పట్టుకుపోయిందని నాకనిపిస్తుంది. ఇది నా ఊహే, ఆవిడ మాట కాదు.

మార్తా రోస్లర్ విషయం వేరు. 1960ల చివర్లో వియత్నాం యుద్ధం నడుస్తోంది. లైఫ్ పత్రిక తెరిస్తే ఒక పేజీలో శవాలు, నాలుగు పేజీలు తిప్పితే సోఫాలు. రోస్లర్ ఆ రెండిటినీ ఒకే గదిలో పెట్టింది. ఒక బొమ్మలో ఒక గృహిణి కొత్త వాక్యూమ్ క్లీనర్ భుజానికి తగిలించుకుని కిటికీ తెరలు శుభ్రం చేస్తుంటుంది. మొహంలో ప్రశాంతత. తెర పక్కకి జరిగిన చోట, అద్దం అవతల, ఇసుక బస్తాల మధ్య సైనికులు నిలబడి ఉంటారు. గమనించండి, ఇక్కడ కోసింది రోస్లర్ కాదు. ఇంటినీ యుద్ధాన్నీ విడదీసింది పత్రికే, పేజీలు తిప్పే వెసులుబాటుతో. ఈవిడ చేసింది అతుకు. అంటే జిగురు కూడా ఆయుధమే. పైగా వీటిని మొదట గ్యాలరీలో పెట్టలేదు. జెరాక్స్ కాపీలు తీసి యుద్ధ వ్యతిరేక ఊరేగింపుల్లో పంచింది.

ఇంకా చాలామంది ఉన్నారు. లోర్నా సింప్సన్ ఎబొనీ, జెట్ లాంటి నల్లజాతి పాఠకుల పత్రికల నుంచి ఆడవాళ్ళ మొహాలు తీసుకుని, జుట్టు స్థానంలో నీటిరంగుల మబ్బులు, ఖనిజాల స్ఫటికాలు పెడుతుంది. జుట్టు ఎలా ఉంటే అందమో చెప్పడానికి అచ్చేసిన పేజీల్లో, జుట్టు దేనికీ లొంగకుండా పైకి లేస్తుంది. కెన్యాలో పుట్టిన వంగేచి ముటు విక్టోరియా కాలపు వైద్యగ్రంథాల్లోని గర్భాశయ కణితుల బొమ్మల మీద ఆడవాళ్ళ మొహాలు నిర్మించింది. పెదాలు ఒక ఫ్యాషన్ పత్రికవి, కన్ను ఇంకెక్కడిదో. దగ్గరికెళితే కణితి, దూరంగా జరిగితే నిన్ను నిలదీసే మనిషి.

ముటు పని చూశాకే హోహ్ చేసిన ఒక వరుస గురించి నిజాయితీగా ఆలోచించగలిగాను. 1920లలో మొదలుపెట్టి హోహ్ "జాతుల మ్యూజియం నుంచి" అనే పేరుతో కొన్ని బొమ్మలు చేసింది. ఆఫ్రికా ముసుగులు, శిల్పాల ఫొటోలు ఐరోపా ఆడవాళ్ళ ఒంటి మీద అతికించింది. ఆడమనిషిని మ్యూజియం వస్తువులా ఎలా పీట మీద పెడతారో చూపించడం ఉద్దేశం. కానీ ఆ ముసుగులు ఆ మ్యూజియంలోకి ఎలా వచ్చాయి? వలసపాలన కత్తెర అక్కడ ముందే పడింది. ఆ కోతని హోహ్ పూర్తిగా చూడలేదని నా అభిప్రాయం. గురువుని గౌరవిస్తూనే చెప్తున్నాను.

ఈ నేరం నేనూ చేయగలను. రోజూ చేసే ప్రమాదం ఉంది. ఫొటోలో ఉన్నావిడని అడగలేను. ఒప్పుకుంటావా అని అడిగే వీలే లేదు. అందుకని కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. ఒకే ఒక్క ప్రతి ఉన్న ఫొటో మీద కత్తెర పెట్టను. స్కాన్ చేసి, పాత కాగితానికి దగ్గరగా ఉండే మందం మీద ప్రింటు తీసి దాన్ని కోస్తాను. వేల కాపీలు అచ్చైన పత్రికలైతే అసలువే కోస్తాను. బొమ్మ ఎక్కడిదో, కింద ఏ శీర్షిక ఉండేదో కొలాజ్ వెనక పెన్సిలుతో రాస్తాను. ఆసుపత్రుల్లో, జైళ్ళలో బలవంతంగా తీసిన మొహాలు వాడను. ఒకసారి వాడాను. మూడు నెలలు గోడకి పెట్టుకుని, ఆ కళ్ళు చూడలేక తీసేశాను. పనితనంలో అది నా మంచి కొలాజ్‌లలో ఒకటి. అయినా ఎక్కడా ప్రదర్శించలేదు.

ఇంకొకటి, అంచు. కంప్యూటర్‌లో ఈ పని చేస్తే అంచు మాయం చేయొచ్చు. రెండు ఫొటోలు ఎక్కడ కలిశాయో దేవుడికి కూడా తెలియనంత నున్నగా. కుర్రవాళ్ళు నాకు అలాంటివి చూపించినప్పుడు వాళ్ళ నేర్పు మెచ్చుకుంటాను, తర్వాత అంచు తిరిగి తెమ్మంటాను. ఆ ప్రకటనలో నడుము మీద రంగు పూసిన మనిషీ అంత నేర్పుతోనే పూశాడు. ఎవరికీ తెలియకుండా కోయడం అతని ఉద్యోగం. మన కోత కనపడాలి. కత్తెర వణికిన చోటు, కాగితం పీచు లేచిన చోటు, జిగురు చాలక మూల పైకి లేచిన చోటు, ఇవన్నీ చూసేవాళ్ళకి ఇక్కడ ఒక చెయ్యి పని చేసిందని చెప్తాయి. అలా చెప్పిన బొమ్మని నమ్మొచ్చు.

మొదట చెప్పిన ఆ వాషింగ్ మెషీన్ పక్కనావిడ సంగతి పూర్తి చేసి ముగిస్తాను. ఆవిడని కత్తిరించాను గానీ ఇన్నేళ్ళలో ఏ కొలాజ్‌లోనూ పెట్టలేకపోయాను. లేని మోచెయ్యి నేను గీయకూడదనిపించింది. ఇంకొకరి మోచెయ్యి తెచ్చి అతికించబుద్ధి కాలేదు. ఆవిడ ఒక కవరులో ఉంది. కానీ పత్రికని పారేయలేదు. యంత్రం ఉంది, దాని పక్కన ఆవిడ ఆకారంలో చిల్లు ఉంది. ఈ మధ్య మళ్ళీ తెరిచినప్పుడు, ఆ చిల్లులోంచి తర్వాతి పేజీ కనిపించింది. పాఠకుల ఉత్తరాల పేజీ అది. భుజాల మధ్య ఎవరో భర్త గురించి, నిద్రపట్టని రాత్రుల గురించి రాసిన వాక్యాలు సగం సగం కనిపిస్తున్నాయి. సరిగ్గా నడుము దగ్గర, రంగు పూసిన అంచు పక్కనే, ఉత్తరం కింద సంతకం ఉండాల్సిన చోట ఇలా ఉంది: "పేరు చెప్పడం ఇష్టం లేని పాఠకురాలు".

ఆ పత్రిక అక్కడ బల్ల మీద ఉంది, ఆ పేజీ దగ్గరే తెరిచి పెట్టాను. పైన అద్దం ఏమీ పెట్టలేదు. భూతద్దం పక్కనే ఉంది. దగ్గరికొచ్చి చూడండి.